పాత ఇల్లు, కొత్త థర్మోస్టాట్, పొగ అలారం: ఈ సంగతులు మీకు తెలుసా?

అమెరికాలో ఇల్లు కొనే తెలుగువాళ్లందరికీ కొత్త ఇళ్లు దొరకవు. న్యూజెర్సీలోనో, బోస్టన్, షికాగో చుట్టుపక్కలో మంచి బడి, రైలుస్టేషను రెండూ దగ్గర్లో కావాలంటే చేతికొచ్చేది తరచుగా యాభై అరవై ఏళ్లు దాటిన ఇల్లే. తాళాలు చేతికి రాగానే మనసు పోయేది గోడమీద వెలిగే స్మార్ట్ థర్మోస్టాట్ వైపు. ఫోన్లోంచి ఇల్లు వెచ్చబెట్టుకోవచ్చు, బిల్లు తగ్గుతుందంటారు. పైకప్పుకి అంటుకుని పసుపు రంగుకి తిరిగిన పొగ అలారం మాత్రం ఎవరి కంటా పడదు. నా దృష్టిలో ఈ వరుస తిరగబడాలి. ముందు అలారం, తర్వాతే థర్మోస్టాట్. రెండింటి గురించీ తెలుసుకోవలసినవి చాలా ఉన్నాయి.

విద్యుత్ థర్మోస్టాట్ ఆలోచన పుట్టింది తరగతి గదిలో

విస్కాన్సిన్ రాష్ట్రంలోని వైట్‌వాటర్ నార్మల్ స్కూల్లో వారెన్ జాన్సన్ అనే ప్రొఫెసర్ పాఠం చెబుతుంటే, గది వేడి ఎంతుందో చూడడానికి పనివాడు మాటిమాటికీ లోపలికొచ్చేవాడు. చూసి, బేస్‌మెంట్‌కి దిగి, కొలిమి గాలి తలుపులు సర్దేవాడు. పాఠం తెగిపోకుండా గది వేడే కిందికి కబురు పంపే ఉపాయం జాన్సన్ ఆలోచించాడు. 1883లో విద్యుత్ థర్మోస్టాట్‌కి పేటెంట్ వచ్చింది. 1885లో ఆయన పెట్టిన కంపెనీయే నేటి జాన్సన్ కంట్రోల్స్. అదే కాలంలో మినియాపొలిస్‌లో ఆల్బర్ట్ బట్జ్ కొలిమి గాలి తలుపును తనంతట తానే తెరిచి మూసే పరికరం చేశాడు. ఆ పరంపరలోంచి వచ్చిందే హనీవెల్. ఆ కంపెనీ 1953లో తెచ్చిన గుండ్రటి థర్మోస్టాట్ ఇప్పటికీ ఎన్నో పాత ఇళ్ల గోడల మీద ఉంది. దాని రూపశిల్పి హెన్రీ డ్రైఫస్.

ఆ గుండ్రటి మూత వెనక పాదరసం ఉండొచ్చు

వేడికి వేర్వేరుగా సాగే రెండు లోహాలను అతికించి చుట్టలా చుట్టిన రేకు లోపల ఉంటుంది. మన ఇస్త్రీ పెట్టెలో పనిచేసేదీ ఇదే సూత్రం. ఆ చుట్ట చివర చిన్న గాజు బుడ్డి, అందులో మెరిసే పాదరసపు బొట్టు. గది చల్లబడితే చుట్ట కదిలి బుడ్డి వాలుతుంది, పాదరసం జారి రెండు తీగలను కలుపుతుంది, ఫర్నేస్ వెలుగుతుంది. ఒక్కో బుడ్డిలో గ్రాముల లెక్కన పాదరసం ఉంటుంది. కాబట్టి పాతది ఊడదీశాక చెత్తబుట్టలో వేయకండి. అమెరికాలో వీటిని తిరిగి సేకరించడానికే 1998 నుంచి థర్మోస్టాట్ రీసైక్లింగ్ కార్పొరేషన్ పనిచేస్తోంది. మీ కౌంటీ ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలోనూ అడగవచ్చు. బుడ్డి పగలకుండా నిటారుగా పట్టుకుని తీయాలి.

కొనే ముందు చూడాల్సింది గోడలోని తీగలు

చాలామందిని ఆపేసేది ఇక్కడే. కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

అమెరికా ఇళ్లలో ఫర్నేస్‌కీ థర్మోస్టాట్‌కీ మధ్య సాధారణంగా నడిచేది 24 వోల్టుల కరెంటు. వేడి మాత్రమే ఉండి ఏసీ లేని రోజుల్లో కట్టిన ఇంట్లో గోడలోంచి రెండే తీగలు వస్తాయి. ఒకటి కరెంటు తెస్తుంది, రెండోది ‘వేడి కావాలి’ అన్న సంకేతం తీసుకెళ్తుంది. పాదరసం థర్మోస్టాట్‌కి అంతకన్నా అక్కర్లేదు, ఎందుకంటే అది స్వయంగా కరెంటు వాడుకోదు. స్మార్ట్ థర్మోస్టాట్ అలా కాదు. దానికి తెర ఉంది, వైఫై ఉంది, రోజంతా మేలుకుని ఉండాలి. అందుకు మూడో తీగ కావాలి. దాన్నే సి వైర్ అంటారు.

సి వైర్ లేకున్నా నడిచే మోడళ్లున్నాయి. అవి సంకేతపు తీగలోంచే కొద్దికొద్దిగా కరెంటు లాగి లోపలి బ్యాటరీ నింపుకుంటాయి. కొన్ని పాత ఫర్నేస్‌లు ఆ చిన్న ప్రవాహాన్నే సంకేతం అనుకుని అకారణంగా ఆన్ ఆఫ్ అవుతాయి. చలి నడిమధ్యలో బ్యాటరీ అయిపోతే ఇల్లంతా చల్లబడుతుంది. 2016 జనవరిలో ఒక సాఫ్ట్‌వేర్ లోపం వల్ల నెస్ట్ అనే బ్రాండు స్మార్ట్ థర్మోస్టాట్లు కొన్ని ఇళ్లలో సరిగ్గా అలాగే ఆగిపోయాయి. అందుకే గోడలోంచి కొత్త తీగ లాగించడమో, ప్లగ్గుకి పెట్టే చిన్న 24 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ వాడడమో మేలు. మీ గోడ డబ్బాలో వాడకుండా మడిచిపెట్టిన అదనపు తీగ ఉందేమో ముందు చూడండి. చాలాసార్లు దొరుకుతుంది.

మూత తీయగానే లావుపాటి తీగలు కనబడితే మాత్రం చేయి వెనక్కి తీసుకోండి. అవి గోడ వెంట ఉండే ఎలక్ట్రిక్ బేస్‌బోర్డ్ హీటర్లవి. వాటిలో 120 లేదా 240 వోల్టులు నేరుగా పారతాయి. మామూలు స్మార్ట్ థర్మోస్టాట్ అక్కడ కలిపితే కాలిపోతుంది, నిప్పు కూడా అంటుకోవచ్చు. వాటికి వేరే రకాలు అమ్ముతారు. గోడలో దిగబెట్టిన పాత గ్యాస్ హీటర్లది ఇంకో పద్ధతి. పైలట్ మంట వేడితోనే పుట్టే ముప్పావు వోల్టు కరెంటుతో నడుస్తాయి, 24 వోల్టులు అసలు ఉండవు.

న్యూయార్క్, బోస్టన్ వైపు పాత ఇళ్లలో ఆవిరి రేడియేటర్లు ఇంకా బుసలు కొడుతూనే ఉంటాయి. బాయిలర్ ఆగాక కూడా ఆ ఇనుము చాలాసేపు వేడి ఇస్తూనే ఉంటుంది. థర్మోస్టాట్‌లో సిస్టం రకం ‘స్టీమ్’ అని సరిగ్గా ఎంచకపోతే గది అనుకున్నదానికన్నా వేడెక్కిపోతుంది.

థర్మోస్టాట్ వెనక రంధ్రం దాన్ని తప్పుదారి పట్టిస్తుంది

తీగలు వచ్చే రంధ్రంలోంచి గోడలోపలి చల్లగాలి నేరుగా సెన్సర్ మీదికి వీస్తుంది. గది వెచ్చగా ఉన్నా అది చలి అనుకుంటుంది. కాస్త పుట్టీతో ఆ రంధ్రం మూస్తే చాలు. అన్నట్టు, 1978కి ముందు కట్టిన ఇంట్లో గోడ తొలిచేటప్పుడు రంగులో సీసం ఉండొచ్చని గుర్తుంచుకోండి. ఇళ్లకు సీసం రంగుల్ని అమెరికా నిషేధించింది ఆ ఏడాదే. పసిపిల్లలున్న ఇంట్లో ఆ దుమ్ము ఎగరకూడదు.

ఎనర్జీ స్టార్ ముద్ర ఒకసారి వెనక్కి పోయింది

టైము పెట్టుకునే పాత ప్రోగ్రామబుల్ థర్మోస్టాట్లకు ఉన్న, తక్కువ ఇంధనం వాడే పరికరాలకిచ్చే ఎనర్జీ స్టార్ ముద్రను 2009 చివర్లో తీసేశారు. యంత్రంలో లోపం లేదు. జనం వాటిలో వేళలు పెట్టుకోవడమే మానేశారు, దాంతో చెప్పిన ఆదా రాలేదు. ఇప్పుడు స్మార్ట్ రకాలకు ఆ ముద్ర కావాలంటే నిజమైన ఇళ్లలో వాడకపు లెక్కలు చూపాలి. ఎనర్జీ స్టార్ చెప్పే సగటు ఆదా, వేడి చల్లదనాల ఖర్చులో దాదాపు 8 శాతం. ఉన్న థర్మోస్టాట్‌నే రోజూ 8 గంటల పాటు 7 నుంచి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గించగలిగితే ఏడాదికి 10 శాతం దాకా మిగలవచ్చని అమెరికా ఇంధన శాఖ అంటుంది. అంటే ఓపికగా చేతితో తిప్పే అమ్మమ్మ ఉన్న ఇంట్లో కొత్త పరికరం తెచ్చే లాభం తక్కువే. హీట్ పంప్ ఉన్న ఇంటికి ఈ లెక్క సరిగ్గా సరిపోదు. బాగా తగ్గించి ఒక్కసారిగా పెంచితే ఖరీదైన అదనపు హీటర్ రంగంలోకి దిగుతుంది.

మీ థర్మోస్టాట్‌ని వేరేవాళ్లు తిప్పగలరు

రాయితీ కోసం విద్యుత్ సంస్థల పథకాల్లో చేరితే, డిమాండ్ ఎక్కువైన రోజున మీ ఏసీని వాళ్లు సర్దగలరు. 2021 జూన్‌లో టెక్సస్‌లో ఇళ్లు వేడెక్కాక గానీ చాలామందికి ఆ సంగతి తెలియలేదు. 2022 ఆగస్టు చివర్లో కొలరాడోలో ఇలాగే సుమారు 22 వేల మంది కొన్ని గంటలపాటు తమ థర్మోస్టాట్‌ని తామే మార్చుకోలేకపోయారు. పథకాలు చెడ్డవని కాదు, గ్రిడ్డుకి అవి సాయమే. ఇంట్లో వృద్ధులుంటే సంతకం పెట్టే ముందు షరతులు చదవాలి. ఇంకొకటి: 2011, 2012 నాటి నెస్ట్ థర్మోస్టాట్లకు 2025 అక్టోబరు 25తో ఫోన్ యాప్ సాయం ఆగిపోయింది. గోడ దగ్గరకెళ్లి తిప్పితే పనిచేస్తాయి. 1953 నాటి గుండ్రటిది కూడా అంతే చేస్తుంది.

పొగ అలారం వెనక రెండు సిగరెట్లు

1930ల్లో స్విట్జర్లాండ్‌లో వాల్టర్ యేగర్ అనే భౌతికశాస్త్రవేత్త విషవాయువును పసిగట్టే యంత్రం కోసం ప్రయత్నిస్తున్నాడు. విషవాయువుకి అది స్పందించలేదు. విసిగి సిగరెట్ వెలిగిస్తే, ఆ పొగకి మీటరు ముల్లు కదిలిందంటారు. 1960ల్లో కొలరాడోలో డ్వేన్ పియర్సల్ బృందం స్థిర విద్యుత్తుని తగ్గించే యంత్రం చేస్తుండగా పనివాడి సిగరెట్ పొగే దారి చూపింది. అక్కడినుంచి బ్యాటరీతో నడిచే ఇంటి అలారం వచ్చింది.

అలా వచ్చిన, ‘అయొనైజేషన్’ అనే రకం అలారంలో నేటికీ ఉండేది అమెరీషియం-241, మైక్రోగ్రాముకన్నా తక్కువ. ఈ మూలకం సంగతి లోకానికి మొదట తెలిసింది పిల్లల రేడియో కార్యక్రమంలో! 1945 నవంబరులో గ్లెన్ సీబోర్గ్ ‘క్విజ్ కిడ్స్’కి అతిథిగా వెళ్తే, కొత్త మూలకాలేమైనా కనిపెట్టారా అని ఒక పిల్లవాడు అడిగాడు. శాస్త్రవేత్తల సభలో ప్రకటించడానికి ఇంకా కొన్ని రోజులుండగానే ఆయన ఉన్నమాట చెప్పేశాడు. దాని ఆల్ఫా కిరణాలను ఒక కాగితం ఆపగలదు కాబట్టి భయం లేదు. అలారాన్ని విప్పి లోపల కెలకకపోతే చాలు.

వెనకవైపు తేదీ చూశారా?

ఈ వ్యాసంలో మీరు ఈ రోజే చేయవలసిన పని ఇదొక్కటే. అలారాన్ని తిప్పి ఊడదీసి తయారైన తేదీ చదవండి. పదేళ్లు దాటితే మార్చెయ్యాలన్నది అమెరికా జాతీయ అగ్నిమాపక రక్షణ సంఘం నియమం. టెస్ట్ బటన్ నొక్కితే మోగిందంటే మోత, బ్యాటరీ, సర్క్యూట్ బాగున్నాయని అర్థం. ముసలి సెన్సర్ పొగను వేళకి పడుతుందని దానితో తేలదు. ఆ దేశంలో ఇళ్లలో అగ్నికి బలయ్యేవాళ్లలో దాదాపు ఐదింట మూడు వంతులు అలారం లేని, లేదా ఉన్నా పనిచేయని ఇళ్లలోనే పోతున్నారు. ఈ లెక్క చదివిన ప్రతిసారీ నాకు మనసు కలుక్కుమంటుంది. ఖరీదు చూస్తే మామూలు అలారం ఒక పూట హోటల్ భోజనం పాటి చేయదు.

తెల్లవారుజామునే అది కీచుమనడానికీ కారణముంది. అప్పుడే ఇల్లు అన్నిటికన్నా చల్లగా ఉంటుంది. చల్లబడితే అరిగిన బ్యాటరీ వోల్టేజి ఇంకాస్త దిగుతుంది. నిద్ర చెడిందని బ్యాటరీ పీకి పక్కన పెట్టడం ప్రమాదం.

పాత ఇల్లు, కొత్త సోఫా కలిస్తే

భద్రతా పరీక్షలు చేసే యూఎల్ సంస్థ పరిశోధకులు రెండు గదులు పక్కపక్కన తగలబెట్టి చూశారు. పాతకాలపు చెక్క, నూలు సామాన్లున్న గది మొత్తంగా అంటుకోవడానికి అరగంట దాకా పట్టింది. నేటి ఫోమ్, సింథటిక్ సామాన్ల గది నాలుగైదు నిమిషాల లోపే భగ్గుమంది. పైగా 1930లకు ముందు కట్టిన చాలా చెక్క ఇళ్లలో గోడలోని ఖాళీలు బేస్‌మెంట్ నుంచి అటక దాకా అడ్డులేకుండా సాగుతాయి. కింద రాజుకున్న నిప్పు గోడలోంచే పైకి ఎక్కేస్తుంది.

అందుకే ఒక అలారం మోగితే ఇంట్లో అన్నీ మోగాలి. పూర్వం దీనికి గోడలు తవ్వి తీగలు లాగాల్సి వచ్చేది. ఇప్పుడు వైర్‌లెస్‌గా ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి దొరుకుతున్నాయి. పాత ప్లాస్టర్ గోడలకు స్మార్ట్ పరికరం చేసిన అసలైన మేలు ఇదే అంటాను. ప్రతి పడకగదిలో, పడకగదుల బయట, బేస్‌మెంట్‌తో సహా ప్రతి అంతస్తులో ఒకటి ఉండాలి. ఫోన్‌కి కబురొస్తుంది కదా అని నిశ్చింతగా ఉండకండి. డబ్బు కట్టి పర్యవేక్షణ పెట్టుకుంటే తప్ప, అది 911కి తనంతట తాను ఫోన్ చేయదు.

పోపు వేస్తే మోగేది ఏ రకం?

నూనె కాగి ఎండుమిరప వేగినప్పుడు లేచే సన్నటి కణాలకు అయొనైజేషన్ రకం త్వరగా మోగుతుంది. కాంతి చెదరడాన్ని బట్టి పొగను పసిగట్టే ఫోటోఎలక్ట్రిక్ రకం పోపుకి కాస్త నిదానం. పరుపులో, సోఫాలో మంట లేకుండా రాజుకునే నిప్పును మాత్రం ముందుగా పడుతుంది. పొయ్యికి 10 అడుగుల లోపల ఏ అలారమూ పెట్టకూడదు, 20 అడుగుల లోపలైతే ఫోటోఎలక్ట్రిక్ మేలు. పూజగదికీ ఇదే జాగ్రత్త: సాంబ్రాణి వేసే చోటికి దూరంగా పెట్టండి. అలారానికి ప్లాస్టిక్ కవరు చుట్టి తీయడం మరిచిపోతే అది లేనట్టే. కొత్త యూఎల్ ప్రమాణంలో హాంబర్గర్ కాలుస్తుంటే మోగకూడదన్న పరీక్ష కూడా ఉంది. మన పోపుతో పరీక్షించినవాళ్లు కనబడలేదు, అందుకే మోతను కాసేపు ఆపే హష్ బటన్ ఉన్నది కొనండి.

అమ్మానాన్నలకు ఆ మోత వినబడుతుందా?

మామూలు అలారం కూత 3,000 హెర్ట్జ్ పైన ఉంటుంది. వయసుతో మొదట తగ్గేది ఆ పైస్థాయి వినికిడే. ఎనిమిదేళ్ల పిల్లలు కూడా ఆ మోతకి లేవకుండా నిద్రపోగలరు. 520 హెర్ట్జ్ గంభీరమైన మోత ఇద్దరినీ బాగా లేపుతుందని పరిశోధనల్లో తేలింది. విజయవాడ నుంచో, కరీంనగర్ నుంచో ఆరు నెలలకని వచ్చిన పెద్దవాళ్లు పడుకునే గదికి ఆ రకమే కొనండి. దిండు కింద కదిలి లేపే పరికరాలూ ఉన్నాయి.

వాళ్లకు శబ్దాల తేడా కూడా చెప్పాలి. వరుసగా మూడు కూతలు, విరామం, మళ్లీ మూడు: పొగ. నాలుగేసి కూతలు: కార్బన్ మోనాక్సైడ్. పాత బాయిలరో, మూసుకుపోయిన చిమ్నీయో వదిలే ఈ వాయువుకి వాసన ఉండదు, కంటికి కనబడదు, తలనొప్పి, వాంతి వచ్చినట్టుండి మత్తు కమ్ముతుంది. రెండిట్లో ఏది మోగినా పాస్‌పోర్టులూ నగలూ వెతకకుండా బయటికి వెళ్లి 911కి ఫోన్ చేయాలి. నిమిషానికోసారి ఒంటి కూత మాత్రం బ్యాటరీ అడుగుతోందని. ఈ మూడూ తెలుగులో పెద్దక్షరాలతో కాగితం మీద రాసి, ఇంటి చిరునామాతో సహా ఫ్రిజ్ తలుపుకి అంటించండి.