గంజాయి, గోంగూర, ఒకే గడియారం: మన ఎండల్లో నాటే టైమ్ ఎవరు డిసైడ్ చేస్తారు?

టైటిల్ చూసి ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్లు తీసేయొచ్చు. ఇంట్లో అందరూ వినొచ్చు ఈ ఎపిసోడ్.

మొన్న నా ఫ్రెండ్ ఒకడు ఫారిన్ వీడియో ఒకటి పంపాడు. వేడి ఎక్కువగా ఉండే దక్షిణాది ప్రాంతాల్లో గంజాయి మొక్క ఆరుబయట ఏ నెలలో నాటాలి అని. కింద వీడి మెసేజ్: "మామా, మన వాడరేవు ఇసుక నేలకి ఈ క్యాలెండర్ సెట్ అవుద్దా?" వాడికి సొంత పొలం లేదు. పెదనాన్న గారి అరెకరం కౌలుకి చేస్తున్నాడు. అందుకే నవ్వి వదిలేయలేకపోయా.

ముందు లా సంగతి. ఇది ఫాస్ట్‌గా చెప్పేస్తా, కానీ స్కిప్ చేయొద్దు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో సెక్షన్ 20 ఉంది. గంజాయి మొక్క పెంచితే 10 ఏళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా. దొరికిన సరుకుకి తక్కువ, ఎక్కువ అని బరువు లెక్కలుంటాయి కదా, పెంపకానికి ఆ లెక్క లేదు. "రెండు మొక్కలే కదా సార్" అన్న మాట అక్కడ పనిచేయదు. ఇంకొకటి చాలామందికి తెలీదు. తన భూమిలో పెంచుతున్నారని తెలిసీ ఒప్పుకున్న యజమాని మీద సెక్షన్ 25 పడుతుంది. తెలిసినప్పుడు అధికారులకి చెప్పాల్సిన బాధ్యత భూమి ఉన్నవాడిదేనని సెక్షన్ 46 అంటుంది. అంటే వీడి సరదాకి పెదనాన్న కూడా స్టేషన్ మెట్లు ఎక్కాలి. పత్తి, కంది చేలల్లో మధ్యలో దాచి వేసి పట్టుబడ్డ వార్తలు మీరూ చదివే ఉంటారు. ఏజెన్సీలో అయితే 2021 అక్టోబర్ చివర్లో ఆపరేషన్ పరివర్తన మొదలుపెట్టి వేల ఎకరాల తోటలు నరికేశారు.

"మరి ఉత్తరాఖండ్‌లో లైసెన్స్ ఇస్తున్నారుగా?" అంటారు. నిజమే, 2018లో వాళ్లు నార కోసం, గింజ కోసం హెంప్ సాగుకి అనుమతి ఇచ్చారు. మత్తు పదార్థం 0.3 శాతం లోపు ఉండాలనేది రూల్. మన దగ్గర అలాంటి సాగు లైసెన్స్ లేదు. ఈ చాప్టర్ ఇక్కడితో క్లోజ్.

కానీ వాడి ప్రశ్నలో ఒక మంచి సైన్స్ ఉంది. ఆ ఫారిన్ క్యాలెండర్ ఇక్కడ ఎందుకు పనికిరాదు? ఎండలు ఎక్కువని కాదు. మన రాత్రులు వేరు, అందుకు.

కొన్ని మొక్కలు పూత ఎప్పుడు వేయాలో రాత్రి పొడవు చూసి డిసైడ్ చేసుకుంటాయి. కోడ్ భాషలో చెప్పాలంటే ఒక ఇఫ్ కండిషన్: రాత్రి ఒక గీత దాటితే ఆకులు, కొమ్మలు పెంచడం ఆపి పూతకి వెళ్లు. వీటిని పొట్టి పగటి మొక్కలు అంటారు. గంజాయి జాతి అందులో ఒకటి. ఈ సంగతి బయటపడింది ఏ మొక్క మీదో తెలుసా? మన ప్రకాశం జిల్లా వాళ్లు కాలర్ ఎగరేసుకోవచ్చు, పొగాకు మీద! అమెరికాలో మేరీల్యాండ్ మామత్ అనే పొగాకు రకం వేసవిలో చేలో ఎంత ఎత్తు పెరిగినా పూసేది కాదు, చలికాలం గ్లాస్‌హౌస్‌లో పెడితే పూసేది. గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు సైంటిస్టులు పగటి పొడవు మార్చి మార్చి పరీక్షించి, 1920లో రిజల్ట్ ప్రచురించారు.

ఇప్పుడు నంబర్లు చూద్దాం. ఆమ్‌స్టర్‌డామ్‌లో జూన్‌లో అతి పెద్ద పగలు దాదాపు 16 గంటల 45 నిమిషాలు, డిసెంబర్‌లో అతి చిన్నది 7 గంటల 40 నిమిషాలు. వాడరేవు ఉన్నది సుమారు 16 డిగ్రీల అక్షాంశం మీద. ఇక్కడ పెద్ద పగలు 13 గంటలకి ఒక్క రెండు మూడు నిమిషాలు ఎక్కువ, చిన్నది 11 గంటల 10 నిమిషాలు. తేడా రెండు గంటలు కూడా లేదు! అక్కడి పొడుగు పగళ్లకి అలవాటైన రకానికి మన జూన్ పగలు కూడా చిన్నదే అనిపిస్తుంది. అమెరికాలో 2018 తర్వాత హెంప్ లీగల్ అయ్యాక ఫ్లోరిడాలో వేసి చూస్తే ఇదే జరిగింది, ఉత్తరాది రకాలు పొట్టిగా ఉండగానే పూతకొచ్చేశాయి.

సరే, ఇదంతా మనకెందుకు? గోంగూర కోసం. అవును, జోక్ కాదు. మనం గోంగూర అని పిలిచేవాటిలో ఒకదాని శాస్త్రీయ నామం హైబిస్కస్ కన్నాబినస్. ఆకు చీలికలు గంజాయి ఆకులా ఉంటాయని ఆ పేరు. అంతకుమించి చుట్టరికం లేదు, ఇది మందార కుటుంబం. దీన్నే నార కోసం పెంచితే గోగు అంటాం. భీమునిపట్నం రేవు పేరు మీద దీని నారకి ప్రపంచ మార్కెట్‌లో బిమ్లిపటం జ్యూట్ అనే పేరే పడింది. ఇదీ పొట్టి పగటి మొక్కే. రకాన్ని బట్టి అటూ ఇటూ ఉన్నా, చాలా రకాలకి గీత పన్నెండున్నర గంటల పగలు దగ్గర ఉంటుంది. వాడరేవులో పగలు ఆ గీత పైకి వెళ్లేది ఏప్రిల్ మధ్యలో, మళ్లీ కిందికి దిగేది ఆగస్టు చివర్లో.

అందుకే మే, జూన్‌లో తొలకరికి వేసిన గోగు మూడు నెలలు ఆపకుండా నిలువెత్తు పెరుగుతుంది. అదే విత్తనం అక్టోబర్‌లో వేయండి, మోకాలెత్తు కూడా రాకుండానే మొగ్గ తొడుగుతుంది. "విత్తనం నకిలీది అమ్మాడు" అని షాపు మీదకి వెళ్లేముందు తేదీ చూసుకోండి. ఇంటి దగ్గర మడి వేసేవాళ్లకి నా సలహా: వేసవిలో, తొలకరిలో అయితే దూరం దూరంగా వేసి తల తుంచుతూ ఆకు కోసుకోండి. చలికాలం అయితే ఒత్తుగా చల్లి, నెల లోపే మొక్కతో సహా పీకి కట్ట కట్టేయండి, పూత దాకా ఆగొద్దు. స్ట్రీట్ లైట్ పక్కన మడి ఉంటే పూత లేటవుతుంది, ఎందుకంటే మొక్క దృష్టిలో అక్కడ రాత్రి కావడం లేదు. చిక్కబళ్లాపూర్ వైపు చామంతి తోటల్లో రాత్రిళ్లు బల్బులు వెలిగించేది ఈ ట్రిక్ కోసమే.

కందిదీ ఇదే కథ. జూన్‌లో వేస్తే గుబురుగా పెరుగుతుంది, సెప్టెంబర్‌లో వేస్తే చిన్నగా ఉండగానే పూతకొస్తుంది. అందుకే రబీ కందిలో సాళ్లు దగ్గర చేసి మొక్కల సంఖ్య పెంచమంటారు. ఖరీఫ్ దూరమే పెడితే సగం నేల ఖాళీగా ఉంటుంది, కౌలు మాత్రం మొత్తానికి కట్టాలి.

మిర్చి, ఇప్పటి పత్తి రకాలు ఈ గడియారాన్ని పెద్దగా పట్టించుకోవు. వాటికి టైమ్ చెప్పేది వాన, సాగర్ కాలువ నీళ్లు, ఎండ, పురుగు. గుంటూరు మిర్చి రైతుకి పనికొచ్చే క్యాలెండర్ కంది రైతుకి సరిపోకపోవడానికి కారణం అదే.

మా వాడికి ఇదంతా ఫోన్‌లో చెప్పా. "అయితే ఆ అరెకరంలో కంది వెయ్యమంటావా?" అన్నాడు. సెప్టెంబర్ అయితే సాళ్లు దగ్గర చెయ్ అన్నా. మీరూ ఒక పని చేయండి. ఫోన్‌లో వెదర్ యాప్ తెరిచి సూర్యోదయం, సూర్యాస్తమయం మధ్య ఎన్ని గంటలో వారానికోసారి రాసుకోండి. ఆగస్టు చివర్లో మీ గోంగూర కొసలు దగ్గరగా చూడండి, మొగ్గ కనిపిస్తే ఫోటో పంపండి. వచ్చే ఎపిసోడ్ మిర్చి నారు మీద. ఉంటానండి, బై.