ముక్క ముక్క కలిస్తే... ముచ్చటైన బొంత

* రంగుల పొందిక, కొలతే కీలకం
* పావు అంగుళం వద్ద పొరబడితే శ్రమంతా వృథా

పెడన (కృష్ణా జిల్లా): జాకెట్టు కత్తిరించగా మిగిలిన జానెడు గుడ్డ... చొక్కా చేతుల వద్ద కోసేసిన తునకలు... తానులో చివరి మూర. దర్జీ దుకాణాల్లో ఇవన్నీ గోనెసంచుల్లోకి చేరి, తర్వాత మిషన్లు తుడిచే పేలికలుగా మారుతుంటాయి. అవే ముక్కలను రంగు చూసి, కొలత పెట్టి, గడులు గడులుగా కలిపి కుడితే మంచం నిండా పరిచే బొంత తయారవుతుంది. కలంకారీ ముక్కలతో కుట్టిన దుప్పట్లు, దిండు గలీబులు, సంచులు మార్కెట్లో కనిపిస్తూనే ఉన్నాయి. అయితే ఉత్సాహంగా మొదలుపెట్టి సగంలో మూలన పడేసేవారే ఎక్కువ. మొదటి గడి అందంగానే వస్తుంది. పదో గడి దానితో కలవదు. చిక్కంతా అక్కడే ఉంది.

తెలుగు ఇళ్లలో బొంత కొత్తది కాదు. పాత చీరలు, పంచెలు పొరలుగా పరిచి, చిరిగిన చోట మరో గుడ్డ వేసి, పెద్ద సూదితో వరుసలుగా కుట్టడం అమ్మమ్మలందరికీ తెలిసిన విద్యే. పసిపిల్లల పక్కకు దానిని మించిన మెత్తన లేదు. కాకపోతే ఆ బొంతకు కొలతతో పనిలేదు. చిరుగు ఎంత ఉంటే అతుకు అంత. గడుల బొంత అలా కాదు. ఇందులో ప్రతి ముక్కా ఒకే కొలతలో ఉండాలి. దాని స్థానం ముందే నిర్ణయమై ఉండాలి. అమ్మమ్మల బొంత సూది పని అయితే, ఇది సగం కత్తెర పని, సగం లెక్కల పని.

పెడన బట్టకు ఉన్న వాటం

రంగులు కలపడం రాదని వెనుకాడేవారికి పెడన, మచిలీపట్నం అద్దకపు బట్ట తేలికైన దారి చూపుతుంది. సంప్రదాయ పద్ధతిలో ఈ బట్టను ముందు కరక్కాయ కషాయంలో, పాలలో ముంచుతారు. టేకు అచ్చులతో అద్దకం వేస్తారు. ఇనుము, బెల్లం పులియబెట్టిన నీటితో నలుపు, పటిక అద్ది వేర్ల రంగులో మరిగించడంతో ఎరుపు, నీలిమందుతో నీలం వస్తాయి. పూర్వం ఈ ఎరుపుకు చిరివేరు ప్రసిద్ధి. రంగులు పరిమితం కావడం వల్ల ఏ రెండు తానులు తీసుకున్నా వాటిలో ఒకటి రెండు రంగులు ఉమ్మడిగా ఉంటాయి. పూలగుడ్డ పక్కన తీగల గుడ్డ, దాని పక్కన చుక్కల గుడ్డ పెట్టినా ఒకే ఇంటి పిల్లల్లా పోలిక కనిపిస్తుంది. కొత్తవారికి ఇంతకంటే సాయం అక్కరలేదు.

ఈ తీరపు అద్దకానికీ, అతుకుల దుప్పటికీ ఉన్న బంధం నేటిది కాదు. 1611లో ఆంగ్లేయులు మచిలీపట్నంలో వర్తక స్థావరం ఏర్పరచుకున్నారు. కోరమాండల్ తీరం నుంచి వెళ్లిన పూల అద్దకాలు ఐరోపాలో మంచంపై పరిచే దుప్పట్లుగా, గోడల తెరలుగా మారాయి. అక్కడి నేతగాళ్ల ఒత్తిడితో బ్రిటన్ 1700లోనూ, 1721లోనూ ఇలాంటి బట్టల వాడకంపై ఆంక్షల చట్టాలు చేసింది. 1774లో గానీ అవి సడలలేదు. ఇంగ్లండులోని లెవెన్స్ హాల్ భవనంలో 1708 ప్రాంతానిదిగా చెప్పే అతుకుల దుప్పటి ఒకటి నేటికీ ఉంది. భారతదేశం నుంచి వెళ్లిన అద్దకపు నూలుబట్టల ముక్కలతోనే దానిని కుట్టారు. అక్కడ దొరల ఇంట ముక్కను కూడా పారేయలేదు. ఇక్కడ బొంత అంటే లేమికి గుర్తుగా మిగిలింది.

రంగుల ఎంపిక ఇలా...

ముందు నాలుగైదు రంగులున్న పూల గుడ్డ ఒకటి ఎంచుకోవాలి. మిగిలిన బట్టలన్నిటినీ అందులోని రంగుల నుంచే ఏరుకోవాలి. అన్నీ పూల గుడ్డలే అయితే చూపు ఎక్కడా నిలవదు. పెద్ద అచ్చు ఒకటి, సన్న అచ్చులు రెండు, సాదా గుడ్డ ఒకటి ఉంటే నిండుగా ఉంటుంది. నాలుగంగుళాల ముక్కలో పెద్ద నెమలి తల ఒకచోట, తోక మరోచోట పడిపోతుంది. అలాంటి బొమ్మల గుడ్డను ముక్కలు చేయకుండా అంచు పట్టీలకు దాచుకోవడం మేలు.

రంగు కంటే ముఖ్యమైనది ముదురు, లేత తేడా. ఎరుపు, నీలం వేరు వేరు రంగులే. రెండూ ఒకే ముదురులో ఉంటే దూరం నుంచి కలిసిపోయి గడి రూపం కనిపించదు. ముక్కలను నేలపై పరిచి, పదడుగులు వెనక్కి వెళ్లి, కళ్లు సగం మూసి చూస్తే తేడా తెలుస్తుంది. సెల్‌ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీసి చూస్తే ఇంకా స్పష్టం.

ఉతకకుండా కోయరాదు

నూలుబట్ట మొదటి ఉతుకులో కుదించుకుపోతుంది. అన్ని బట్టలూ ఒకే తీరున కుదించుకోవు. ఉతకని కొత్తగుడ్డ, ఉతికిన పాతగుడ్డ కలిపి కుడితే తొలిసారి నీళ్లలో వేయగానే గడులు ముడుచుకుంటాయి. రంగు కారడం మరో బెడద. ప్రతి బట్ట నుంచి చిన్న ముక్కను తడిపి, తెల్లగుడ్డపై పెట్టి అదిమి చూడాలి. మరక పడితే నీళ్లు తేటగా వచ్చేదాకా ఉతకాలి. అప్పటికీ కారుతుంటే ఆ బట్టను పక్కన పెట్టడమే. ఉప్పునీళ్లలో నానబెడితే సరిపోతుందని చాలామంది నమ్ముతారు గానీ, అది అన్ని రంగులకూ పనిచేయదు. ఒక్క ఎర్రముక్క చాలు, బొంతలోని తెలుపంతా పాడు కావడానికి.

ఉతికి ఆరేశాక పలుచగా గంజి పెట్టి ఇస్త్రీ చేయాలి. గంజి పెట్టిన గుడ్డ కత్తెర కింద జారదు, మిషను కింద సాగదు. ముక్కను పడుగు, పేక పోగుల వెంట నిటారుగా కోయాలి. ఏటవాలుగా, అంటే దర్జీల మాటలో క్రాసుగా కోస్తే చదరం కాస్తా సాగి వంకర పోతుంది.

తొమ్మిది ముక్కల గడి

అన్నిటిలోకి సులువైనది తొమ్మిది ముక్కల గడి. ఇంగ్లిషులో నైన్ ప్యాచ్ బ్లాక్ అంటారు. వరుసకు మూడు చొప్పున మూడు వరుసలు. నాలుగు మూలల్లోనూ, మధ్యలోనూ ముదురు. మిగిలిన నాలుగు చోట్ల లేత. కుట్టిన తర్వాత ముక్క 4 అంగుళాలు ఉండాలంటే నాలుగున్నర అంగుళాలకు కోయాలి. ఒక్కో పక్క పావు అంగుళం మార్జిన్‌కు పోతుంది. గడి పూర్తయ్యాక 12 అంగుళాలు. అడ్డం 5, నిలువు 7 గడులు కలిపితే ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు బొంత వస్తుంది.

మొత్తం 35 గడులు, 315 ముక్కలు. అందులో ముదురువి 175, లేతవి 140. బట్ట 44 అంగుళాల పన్నా అయితే నాలుగున్నర అంగుళాల పట్టీకి తొమ్మిది ముక్కలు వస్తాయి. ముదురు పట్టీలు 20, లేత పట్టీలు 16 కావాలి. కుదింపు, వృథా కలుపుకొని ముదురు బట్ట రెండు ముప్పావు మీటర్లు, లేతది రెండుంపావు మీటర్లు తీసుకుంటే సరిపోతుంది. ముదురు వర్గంలోనే నాలుగైదు రకాలు కలిపితే బొంతకు మరింత వన్నె.

ముక్కలను విడివిడిగా కోసి కుడితే ఒక్కో గడికి 8 కుట్లు చొప్పున 35 గడులకు 280 కుట్లు పడతాయి. దీనికి తేలిక ఉపాయం ఉంది. పట్టీలనే ముందు మూడేసి చొప్పున పొడవునా కుట్టుకోవాలి. ముదురు-లేత-ముదురు జతలు 8, లేత-ముదురు-లేత జతలు 4. ఇస్త్రీ చేసి, వాటిని అడ్డంగా నాలుగున్నర అంగుళాలకు కోస్తే మూడు ముక్కల వరుసలు సిద్ధంగా చేతికి వస్తాయి. ఇలా చేస్తే పొడవాటి కుట్లు 24, గడుల్లో వరుసలు కలిపే కుట్లు 70, మొత్తం 94తో పని ముగుస్తుంది. దర్జీ దుకాణం తునకలు వాడేవారికి మాత్రం ఈ వెసులుబాటు లేదు. వారు నాలుగున్నర అంగుళాల అట్టముక్క కోసుకుని, దాని చుట్టూ సుద్దతో గీసి ఒక్కొక్కటే కోసుకోవాలి. అట్ట అంచు అరిగితే వెంటనే మార్చాలి.

కుట్టాక మడతను ముదురు గుడ్డ వైపు వాలేలా ఇస్త్రీ చేయాలి. లేత గుడ్డ కింద నీడ కనిపించదు. పక్క వరుసలో మడత ఎదురు దిక్కుకు వాలుతుంది గనుక రెండు వరుసలు కలిపేటప్పుడు మూలలు ఒకదానికొకటి ఒరుసుకుని సరిగ్గా కూర్చుంటాయి. ఇస్త్రీపెట్టెను బట్టపై ఈడ్వకుండా అదిమి లేపాలి. దారం బూడిద రంగుదైతే అన్ని గుడ్డల్లోనూ ఇమిడిపోతుంది.

కొలత తప్పితే...

ఒక్కో కుట్టులో మార్జిన్ అంగుళంలో పదహారో వంతు ఎక్కువ తిన్నదనుకుందాం. కంటికి ఆనని తేడా. కానీ కుట్టుకు రెండు పక్కలా పోతుంది గనుక అది ఎనిమిదో వంతు. గడిలో అడ్డంగా రెండు కుట్లు... పావు అంగుళం మాయం. బొంత వెడల్పులో 15 ముక్కలకు 14 కుట్లు... మొత్తం ఒకటి ముప్పావు అంగుళం. ఒక్కరే కుడితే బొంత కాస్త చిన్నదవుతుంది, అంతే. ఇద్దరు ముగ్గురు మహిళలు పంచుకుని కుట్టినప్పుడే అసలు నష్టం. ఒకరి గడి 12 అంగుళాలు, మరొకరిది పదకొండు ముప్పావు. ఆ రెంటినీ లాగి కలిపితే బొంత బుడిపెలు తేలుతుంది. కొనేవారు నేలపై పరచి చూసి తిప్పి పంపేది ఇలాంటి వాటినే. విప్పి మళ్లీ కుట్టిన శ్రమకు కూలి ఎవరూ ఇవ్వరు.

పని మొదలుపెట్టే ముందే మిషన్‌ను పరీక్షించుకోవాలి. ఒకటిన్నర అంగుళం వెడల్పున్న మూడు పీలికలు పక్కపక్కన కలిపి కుట్టి, ఇస్త్రీ చేసి, మధ్య పీలికను కొలవాలి. సరిగ్గా అంగుళం ఉంటే మార్జిన్ సరైనది. తక్కువైతే ఎక్కువ తింటున్నట్టు, ఎక్కువైతే తక్కువ తింటున్నట్టు. సూది నుంచి పావు అంగుళం కొలిచి మిషను పలకపై ప్లాస్టర్ ముక్క అంటిస్తే గుడ్డ అంచుకు అదే గట్టు. బృందంగా కుట్టేవారు తమ తమ మిషన్లన్నిటిపైనా ఈ పరీక్ష చేసి, ఒకే అట్టముక్క కొలతతో కోసుకోవాలి.

పొరలు, కుట్టుకూలి

గడులన్నీ కలిశాక అడుగు గుడ్డ, దానిపై లోపలి పొర, ఆపై గడుల గుడ్డ పరచాలి. లోపలి పొరకు మెత్తబడిన నూలు చీరలు, పంచెలు శ్రేష్ఠం, ఉతకడం సులువు. దూది పరిస్తే వెచ్చగా ఉంటుంది గానీ ఉతికినప్పుడు ఉండలు కట్టకుండా కుట్లు దగ్గర దగ్గరగా వేయాలి. మూడు పొరలనూ నడిమి నుంచి అంచులకు కచ్చా కుట్టు వేసుకుంటూ పోవాలి. అంచుల నుంచి మొదలుపెడితే మధ్యలో గాలిబుడగలా ఉబ్బుతుంది. ఆ తర్వాత చేతికుట్టో, మిషను కుట్టో. చివరగా చుట్టూ పట్టీ.

ధర దగ్గరే చాలామంది మోసపోతున్నారు. గడికి ఇస్త్రీతో కలిపి 20 నిమిషాలు పడుతుందనుకున్నా 35 గడులకు 700 నిమిషాలు, దాదాపు 12 గంటలు. ఉతుకు, కత్తిరింపు, గడుల కూర్పు, పొరలు పరచడం, చేతికుట్టు దీనికి అదనం. ఇవేవీ లెక్కించకుండా బట్ట ఖరీదుకు కొంత కలిపి ధర చెబితే కూలి గాలికి పోయినట్టే. మొదటి బొంత కుట్టేటప్పుడే ఏ పనికి ఎన్ని గంటలు పట్టిందో నోటు పుస్తకంలో రాసుకుంటే బేరంలో చూపించడానికి ఆధారం ఉంటుంది.

పోటీ కూడా తక్కువేం కాదు. గడులు అతికినట్టు కనిపించేలా ఒకే గుడ్డపై ముద్రించిన దుప్పట్లు తక్కువ ధరకు దొరుకుతున్నాయి. చేతితో తడిమితే గుట్టు తెలుస్తుంది. నిజమైన అతుకైతే కుట్టు మందం వేళ్లకు తగులుతుంది. కలంకారీ నమూనాలను స్క్రీన్ ప్రింటింగ్‌తో దింపిన బట్టలూ అద్దకపు పనివారిని దెబ్బతీశాయి. అచ్చుతో అద్దిన బట్టలో రంగు సాధారణంగా వెనుక వైపు కూడా దిగుతుంది. అచ్చు అచ్చు కలిసే చోట కాస్త ఎడం, కాస్త జరుగు ఉంటాయి. బొంతకు బట్ట కొనేవారు తానును తిరగేసి చూడటం మంచిది.

కొత్తగా నేర్చుకునేవారు 35 గడులతో మొదలుపెట్టనవసరం లేదు. వరుసకు మూడు చొప్పున తొమ్మిది గడులు కుడితే మూడడుగుల పసిపిల్లల బొంత అవుతుంది. పొరపాటు జరిగినా నష్టం తక్కువ. వాడిన ప్రతి బట్ట నుంచీ జానెడు ముక్క దాచి, బొంత ఉతికిన ప్రతిసారీ ఆ ముక్కలనూ కలిపి ఉతకాలి. నాలుగేళ్ల తర్వాత ఎక్కడైనా చిరిగితే, బొంతతో పాటే వెలిసిన ఆ ముక్కతో అతుకు వేయవచ్చు. రంగు తేడా కనిపించదు.