ఆరు వందల అడుగుల ఇల్లు: రూపాయి ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ఆపాలి

ఇల్లు కట్టాలనుకున్నవాళ్లు మేస్త్రీని మొదట అడిగేది ఒకటే: "అడుగుకి ఎంత పడుతుంది?" ఆయన ఒక అంకె చెబుతాడు, బేరం అక్కడి నుంచి మొదలవుతుంది. రెండు మూడు రోజులు తిరిగి, పెద్దమనుషులతో చెప్పించి, అడుగుకు వంద రూపాయలు తగ్గించుకుంటే గెలిచినట్టే లెక్క. కానీ ఆ రేటును ఎన్ని అడుగులతో గుణించబోతున్నామో చాలామంది అంత పట్టుదలగా ఆలోచించరు. అసలు డబ్బంతా ఉండేది అక్కడే.

మెటీరియల్‌తో కలిపి చదరపు అడుగుకు 1,800 అనుకుందాం. మీ ఊళ్లో రేటు వేరైతే ఆ అంకె వేసుకోండి, లెక్క తీరు మారదు. 700 అడుగుల ఇంటికి 12.60 లక్షలు. రేటు మీద వంద తగ్గించుకుంటే మిగిలేది 70,000. రేటు అలాగే ఉంచి ఇంటినే 600 అడుగులకు తెచ్చుకుంటే మిగిలేది 1.80 లక్షలు. పైగా రేటు తగ్గించిన మేస్త్రీ ఆ డబ్బును ఎక్కడో ఒకచోట సర్దుకోక తప్పదు. అడుగులు తగ్గిస్తే ఎవరి కడుపూ కొట్టినట్టు కాదు.

600 అడుగుల్లో ఏం వస్తుందని అనుమానం రావచ్చు. 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు తీసుకోండి. 9 బై 11 గదులు రెండు, 10 బై 14 హాలు, 8 బై 7 వంటిల్లు, 7 బై 4 బాత్రూమ్. అన్నీ కలిపితే 422 అడుగులు. గోడల మందం సుమారు 90 అడుగులు తింటుంది. మిగిలినది వరండాకు వస్తుంది. నలుగురున్న కుటుంబానికి ఇరుకు కాదు. కాగితం మీద గది చిన్నదిగా కనిపిస్తే స్థలంలోనే ముగ్గు పోయించి, అందులో 5 బై 6.5 మంచం, బీరువా కూడా గీసి, చుట్టూ నడిచి చూడండి. ముగ్గు చెరిపి మళ్లీ పోయడానికి ఖర్చేమీ లేదు. గోడ లేచాక జరపాలంటే మాత్రం వేలల్లో మాట.

విస్తీర్ణం తర్వాత చూడాల్సింది ఆకారం. 20 బై 30 ఇంటికి చుట్టుగోడ 100 అడుగులు. అదే 600 అడుగుల ఇంటిని 12 బై 50గా కడితే చుట్టుగోడ 124 అడుగులవుతుంది. పది అడుగుల ఎత్తున ఆ అదనపు 24 అడుగుల గోడ 240 చదరపు అడుగులు. తొమ్మిదంగుళాల గోడకు ఘనపు మీటరుకు 500 ఇటుకల లెక్కన అది 2,500 ఇటుకలకు పైమాటే. ఇంట్లో ఒక్క అడుగు చోటు పెరగలేదు, ఇటుక, మాలు, కూలీ, రెండు వైపులా ప్లాస్టరింగ్, రంగు మాత్రం పెరిగాయి. స్థలమే సన్నగా ఉంటే చేసేదేం లేదు. స్థలం ఉండి కూడా వంకరటింకర మూలలు, ముందుకు పొడుచుకొచ్చే గదులు పెట్టించుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. ఎత్తు సంగతీ అంతే. పైకప్పును పది అడుగుల నుంచి పదకొండుకు లేపితే చుట్టుగోడకే మరో వెయ్యి ఇటుకలు.

ఇక సర్కారు సాయం. ఇక్కడ అంకెలను అడుగుల్లోకి మార్చి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్ల పథకం 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైంది. సొంత జాగా ఉన్నవాళ్లకు 5 లక్షలు ఇస్తారు. ఇల్లు 400 అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. 400 అడుగుల్లో కడితే అడుగుకు 1,250 సర్కారుదే. 600 కడితే అది 833 అవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో జగనన్న కాలనీల పేరుతో మొదలైన ఇళ్లకు యూనిట్ ధర 1.80 లక్షలుగా పెట్టారు, విస్తీర్ణం 340 అడుగులు. అంటే అడుగుకు 529. సగంలో ఆగిపోయిన ఇళ్ల కోసం 2025లో ఎస్సీ, బీసీలకు 50,000, ఎస్టీలకు 75,000, ఆదిమ గిరిజనులకు లక్ష అదనంగా ఇవ్వాలని నిర్ణయించారు. కేంద్రం గ్రామీణ ఆవాస్ యోజన కింద మైదాన ప్రాంతాల్లో ఇచ్చేది 1.20 లక్షలు, ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు, అంటే 269 అడుగులు. అడుగుకు 446 పడుతుంది. ఉపాధి హామీ కూలి, మరుగుదొడ్డికి 12,000 దీనికి అదనం.

ఈ అంకెల పక్కన 1,800 పెట్టి చూడండి. ఎక్కడా సర్కారు డబ్బుతోనే ఇల్లు పూర్తికాదు. పైగా బిల్లు పని అయ్యాక వస్తుంది. ఇందిరమ్మ ఇంటికి మొదటి లక్ష బేస్‌మెంట్ పూర్తయ్యాకే పడుతుంది. గుంతలు తవ్వడానికి, రాయి, ఇసుక, సిమెంటు దింపడానికి ముందు చేతిలో డబ్బుండాలి. పేదవాడి ఇల్లు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడ, ఇంకోసారి స్లాబు ముందు. కాబట్టి మొత్తం ఎంతవుతుందన్నదానితో పాటు ఏ నెలలో ఎంత కావాలో కూడా రాసుకోవాలి. 600 అడుగుల హద్దు దాటి వరండా కలుపుకుని బిల్లు ఆపుకోవడం మరీ బాధాకరం. అటువంటి చోట పదడుగుల వరండా ఖరీదు లక్షల్లో తేలుతుంది.

తర్వాత మార్చలేని వాటి మీద డబ్బు పెట్టాలి, తర్వాత చేయగలిగిన వాటిని ఆపాలి. నేను గట్టిగా నమ్మేది ఇదొక్కటే. పునాది, స్లాబు, గోడల్లో పోయే పైపులు తర్వాత మార్చలేనివి. టైల్స్, పుట్టీ, ఫాల్స్ సీలింగ్, ఎలివేషన్, టేకు తలుపు ఎప్పుడైనా చేయించుకోగలిగినవి. కానీ ఇంటి ముందు నిలబడ్డవాళ్లకు కనిపించేవి రెండో రకమే. అందుకే డబ్బు అటు పోతుంది.

పునాదిలో మొదటి ప్రశ్న నేల. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. అక్కడ పైపైన పునాది వేస్తే గోడలు పగలడం ఖాయం. ఆ నేలలో ఇంజనీరుకిచ్చే ఫీజు వృథా ఖర్చు కాదు. గట్టి ఎర్రనేల, మొరం ఉండి, పైన అంతస్తు వేసే ఉద్దేశం లేకపోతే మాత్రం పిల్లర్లు తప్పనిసరి కాదు. గోడల మీదే బరువు నిలిపే ఇల్లు చాలు. ఎప్పుడో కొడుకు పైన వేసుకుంటాడని ఇప్పుడే పిల్లర్లకు, పెద్ద ఫుటింగులకు అప్పు చేసి ఇనుము పోస్తున్నారు. ఆ అంతస్తు వేయకపోతే ఆ ఇనుము మట్టిలో పెట్టిన డబ్బే. పిల్లర్లు మానేసినా ప్లింత్ దగ్గర, లింటెల్ దగ్గర ఇల్లు చుట్టూ సాగే కాంక్రీటు బెల్టులు మాత్రం మానకూడదు. 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. మన దగ్గర భూకంపాలు రావన్న ధీమా పనికిరాదు.

ఇప్పుడు స్లాబు. దీని లెక్క కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పొదుపు పేరుతో పెద్ద నష్టం జరిగేది ఇక్కడే. 600 అడుగుల స్లాబు 5 అంగుళాల మందాన 250 ఘనపుటడుగులు, అంటే సుమారు 7 ఘనపు మీటర్లు. ఇనుము పడే కాంక్రీటు ఎం20కి తగ్గకూడదని ఐఎస్ 456 నియమావళి చెబుతుంది. మేస్త్రీల భాషలో అది ఒకటికి ఒకటిన్నర, మూడు. ఆ పాళ్లలో స్లాబుకు 57 బస్తాలు పడతాయి. చాలాచోట్ల అలవాటుగా కలిపే ఒకటికి రెండు, నాలుగు పాళ్లలో 45 చాలు. తేడా 12 బస్తాలు. బస్తా 350 చొప్పున 4,200 రూపాయలు. పది లక్షల ఇంటిలో నాలుగు వేల కోసం తలమీది కప్పును బలహీనం చేసుకుంటున్నాం.

ఆ పన్నెండు బస్తాలు న్యాయంగా మిగుల్చుకునే దారి ఒకటుంది. స్లాబులో కింది సగం లాగుడు బలానికి గురవుతుంది. ఆ బలాన్ని మోసేది ఇనుమే, అక్కడి కాంక్రీటు చేసే పని తక్కువ. ఇనుప చువ్వల గళ్ల మధ్య మంగుళూరు పెంకులు జతలుగా పెట్టి పైన కాంక్రీటు పోస్తే ఐదో వంతు దాకా కాంక్రీటు తగ్గుతుంది. దాన్నే ఫిల్లర్ స్లాబ్ అంటారు. 7 ఘనపు మీటర్లలో ఐదో వంతు 1.4, అంటే 11 బస్తాల సిమెంటు. స్లాబు బరువు తగ్గడం వల్ల ఇనుమూ కొంత కలిసొస్తుంది. బ్రిటన్‌లో పుట్టి తిరువనంతపురంలో స్థిరపడ్డ ఆర్కిటెక్టు లారీ బేకర్ (1917–2007) కేరళలో ఇలాంటి ఇళ్లు కట్టి చూపించారు. గోడల్లో ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ బాండ్ కూడా ఆయన విరివిగా వాడారు. దానితో నాలుగో వంతు ఇటుకలు మిగులుతాయి, మధ్యలో ఉన్న గాలి ఎండ వేడిని కొంత ఆపుతుంది. అయితే ఇటుకలు ఒకే కొలతలో, అంచులు విరగకుండా ఉండాలి. ఫిల్లర్ స్లాబుకు ఇంజనీరు డిజైన్ ఉండాలి. ఈ రెండూ తెలిసిన మేస్త్రీ దొరక్కపోతే మామూలు పద్ధతిలోనే కట్టుకోవడం మేలు.

కాంక్రీటును పాడుచేసే ఇంకో సంగతి నీళ్లు. బస్తా సిమెంటుకు 25 నుంచి 30 లీటర్లకు మించకూడదు. పలచగా ఉంటే సులువుగా పారుతుందని ఇంకో బకెట్ పోస్తారు, బలం అక్కడే పోతుంది. స్లాబు పోసే రోజు ఇంటివాళ్లు పాయసం పంచే హడావుడిలో ఉండకుండా ఒకరు మిల్లర్ పక్కన నిలబడి బకెట్లు లెక్కపెట్టాలి.

ఇసుకలో ఒక చిన్న పరీక్ష చెబుతాను. ఆంధ్రలో 2024 జులై నుంచి ఇసుక ఉచితమైనా ఎత్తే కూలీ, ట్రాక్టరు కిరాయి మనవే, కాబట్టి ఎంత దిగిందో చూసుకోవాలి. తడి ఇసుక పొంగి ఉంటుంది. నిటారు గోడలున్న గిన్నెలో తడి ఇసుకను వదులుగా 20 సెంటీమీటర్ల ఎత్తుకు నింపండి. దాన్ని బయట పోసి, గిన్నెలో సగం నీళ్లు పోసి, అదే ఇసుకను మళ్లీ వేసి కర్రతో కుదపండి. 16 సెంటీమీటర్ల దగ్గర ఆగిందంటే పొంగు 25 శాతం. నూరు ఘనపుటడుగుల లోడుకు డబ్బిచ్చి 80 అడుగుల ఇసుక దింపుకున్నట్టు. కొనే ముందు బేరంలో ఈ లెక్క పెట్టండి. అదే ఇసుకను తట్టలతో కొలిచి కలిపితే ఇసుక తక్కువ పడి సిమెంటు అనుకున్నదానికన్నా ఎక్కువ అయిపోతుంది.

ఇనుముకు ఒక సూత్రం గుర్తుంటే చాలు. చువ్వ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 మీటర్ల పొడవున్న 12 ఎంఎం చువ్వ 10.67 కిలోలు, 10 ఎంఎం 7.4, 8 ఎంఎం 4.74. చువ్వల లెక్కన కొంటున్నప్పుడు నాలుగు చువ్వలు కాటా మీద పెట్టించండి.

డబ్బు అక్కర్లేకుండా ఇంటివాళ్లే ఇంటికి బలం పోయగలిగిన పని ఒక్కటే, తడపడం. స్లాబు మీద మడులు కట్టి అంగుళం నీళ్లు నిలిపితే 600 అడుగులకు సుమారు 1,400 లీటర్లు. బూడిద కలిపిన పీపీసీ సిమెంటైతే కనీసం పది రోజులు తడి ఆరకూడదు. మన ఎండల్లో రెండు వారాలు చేస్తే ఇంకా మంచిది. రోజు కూలీకి మనిషిని పెడితే పొద్దున ఒకసారి పైపు తిప్పి వెళ్లిపోతాడు. ఇంట్లో మనిషి మూడుసార్లు ఎక్కి చూస్తారు.

ఇప్పుడు అప్పు. మూడు లక్షలు తక్కువ పడ్డాయనుకుందాం. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు వడ్డీయే 6,000. మూడేళ్లు కడితే 2.16 లక్షలు, అసలు మూడు లక్షలూ అలాగే నిలిచి ఉంటుంది. బ్యాంకులో 9 శాతానికి పదేళ్ల గడువుతో తీసుకుంటే నెల కిస్తీ 3,800. పదేళ్లకు కలిపి వడ్డీ 1.56 లక్షలు, అసలు కూడా తీరిపోతుంది. తేడా ఇంత స్పష్టంగా ఉన్నా జనం వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లేది తెలియక కాదు. గ్రామకంఠం స్థలానికి సరైన కాగితం ఉండదు, తాత పేరున్న జాగా పంపకం కాలేదు, ప్లాన్‌కు అనుమతి లేదు. బ్యాంకు ఆ మూడూ అడుగుతుంది. అందుకే గుంత తవ్వడానికి ఆరు నెలల ముందే కాగితాల పని మొదలుపెట్టాలి. సంఘంలో ఉన్న ఆడవాళ్లయితే పొదుపు సంఘం రుణం సంగతి ముందుగా మాట్లాడుకోవాలి.

సిమెంటు మీద జీఎస్‌టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. పన్ను కలపని ధర 300 ఉన్న బస్తాకు 30 రూపాయలు తగ్గాలి. అడుగుకు 0.4 బస్తా అనే మోటు లెక్కన 600 అడుగుల ఇంటికి 240 బస్తాలు, మిగిలేది 7,200. పాత ధరే చెబితే దుకాణంలో ఈ మాట అడగండి.

మేస్త్రీతో ఒప్పందం తెల్లకాగితం మీదైనా రాసుకోండి. అడుగుల లెక్కలో పడని సెప్టిక్ ట్యాంకు, నీళ్ల సంపు, మెట్లు, పిట్టగోడ, సజ్జలు ఎవరి ఖర్చో అందులో ఉండాలి. గొడవలన్నీ వీటి దగ్గరే వస్తాయి. డబ్బు పనిని బట్టి ఇవ్వాలి, వారాన్ని బట్టి కాదు. చివరి పదో వంతు ఇల్లంతా అయ్యాక, ఒక వానకు స్లాబు కారలేదని చూశాక ఇస్తామని ముందే చెప్పాలి.

స్లాబు పడి, తలుపులు బిగిసి, మరుగుదొడ్డి, నీళ్లు, కరెంటు ఉంటే ఆ ఇంట్లోకి వెళ్లిపోవచ్చు. లోపల సున్నం చాలు, కింద సిమెంటు గచ్చు చాలు. గృహప్రవేశానికి వచ్చినవాళ్లు టైల్స్ ఎప్పుడని అడుగుతారు, అడగనివ్వండి. నెలకు 4,000 అద్దె ఆగితే ఏడాదికి 48,000. ఆ డబ్బుతో మరుసటి ఏడు తాండూరు బండలో బేతంచెర్ల బండలో పరిపించుకోవచ్చు, ఆ తర్వాతి ఏడు బయటి ప్లాస్టరింగ్, రంగు చూసుకోవచ్చు.