నగిషీ పలక వయసు వెనకవైపు తెలుస్తుంది

ముత్తుకూరు లాంటి తీరపు ఊళ్లలో పాత మిద్దె పడగొడితే దూలాలకూ ద్వారబంధాలకూ బేరం వెంటనే కుదురుతుంది. బీరువా నెత్తిన ఉండిన నగిషీ పలకో, పందిరి మంచం తలవైపు హంసల జంటో మాత్రం ఓ మూల పడి ఉంటుంది. పాతసామాన్ల వాళ్లు దాన్ని ఉత్త చెక్క ధరకే అడుగుతారు. ఇచ్చేసే ముందు దాన్ని తిరగేసి చూడండి. పనివాడు మనకు చూపించాలనుకున్నదంతా ముందువైపు ఉంటుంది. ఎవరూ చూడరని వదిలేసింది వెనక ఉంటుంది. వయసు తెలిసేది అక్కడే.

చేతిరంపంతో కోసిన పలక వెనక గీతలు తిన్నగానే ఉంటాయి గానీ వాటి మధ్య ఎడం ఒక్కతీరుగా ఉండదు. మిల్లులోని గుండ్రటి రంపం వంపు తిరిగిన గీతలు వదులుతుంది. ఈమధ్య కంప్యూటర్ యంత్రాలతో చెక్కుతున్న వాటిలో పూరేకుల సందుల్లో సన్నని సమాంతర చారలు కనిపిస్తాయి, లోపలి మూలలు పదునుగా తెగవు. రెండు హంసలూ అచ్చుగుద్దినట్టు ఉంటాయి. చేత్తో చెక్కినవాడికి ఒక హంస మెడ కాస్త పొడవు పోతుంది. నాకైతే ఆ తేడా కనిపిస్తేనే పలక మీద నమ్మకం కుదురుతుంది.

మేకుల విషయంలో తీరప్రాంతం వాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. కృష్ణపట్నం వైపు నుంచి వీచే ఉప్పుగాలికి కొత్త ఇనుము కూడా తొందరగా తుప్పు పడుతుంది. కాబట్టి తుప్పును బట్టి వయసు కట్టకండి, ఆకారం చూడండి. కొలిమిలో సాగగొట్టిన మేకు పలకలుగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. తీగతో చేసిన గుండ్రటి మేకులు 19వ శతాబ్దం చివరికి గానీ విరివిగా రాలేదు. తల మీద ప్లస్ గుర్తు ఉన్న స్క్రూ 1930ల తర్వాతిదే. అయితే అది తర్వాత ఎవరో బాగుచేయిస్తూ బిగించినదీ కావచ్చు. ఇనుము తగిలిన చోట చెక్కలోని వగరు పదార్థం కాలక్రమంలో నల్లబడుతుంది. మేకు చుట్టూ ఆ నలుపు లేకపోతే అది నిన్నమొన్నటిదే అనుకోవచ్చు.

పురుగు రంధ్రాలను చూపించి పాతదని నమ్మించేవాళ్లూ ఉన్నారు. పురుగు చెక్క లోపల సొరంగం తొలుస్తుంది, పైకి కనిపించేది గుండ్రటి రంధ్రమే. చెక్కడం మీద పొడవాటి కాలువల్లా సొరంగాలు బయటపడి ఉంటే, పురుగు తిన్న పాత దూలాన్ని తర్వాత కోసి నగిషీ చేశారన్నమాట. చెక్క పాతది, పని కొత్తది.

ఇక చెక్క ఏదో చూడాలి. టేకు చేవ బంగారు గోధుమ రంగులో, ముట్టుకుంటే కాస్త జిడ్డుగా ఉంటుంది. నల్ల ఇరుగుడు దానికంటే బరువు, ఊదా నలుపు చారలతో ఉంటుంది. ఎర్రచందనం చేవ ఇంకా బరువు, తరచూ నీళ్లలో మునిగిపోతుంది. ఈ పలకలన్నీ ఇక్కడే చెక్కినవని అనుకోనక్కర్లేదు. నెల్లూరు సీమ 1953 దాకా మద్రాసుతో కలిసి ఉంది. బకింగ్‌హాం కాలువ మీద పడవలు మద్రాసుకూ ఈ తీరానికీ సరుకులు మోసేవి. ద్రాక్షగుత్తులు, మెలికల ఆకులు ఉన్న పలకైతే అది దొరల ఇళ్ల సామాను చూసి చేసిన పని. గజలక్ష్మి, చిలకలు, తామరలు మన ద్వారబంధాల సంప్రదాయం. ఒకే పలక మీద రెండూ కలవడమూ ఉంది.

విలువ కట్టేటప్పుడు నేను ముందు చూసేది ఉలి పని లోతు. ఆకు అంచు కిందికి కూడా తొలిచి ఉంటే మంచి చేయి పడిందన్నమాట. ఆ తర్వాత జత ఉందా, విరిగిన చోట్లు ఎన్ని, పాత లక్క పాలిష్ నిలిచి ఉందా అన్నవి. స్పిరిట్ అద్దిన దూదితో వెనక ఓ మూల తాకిస్తే లక్క పాలిష్ కరిగి అంటుకుంటుంది. ఎర్రచందనమైతే చెక్క రంగే స్పిరిట్‌లో దిగుతుంది కాబట్టి అక్కడ ఈ పరీక్షను నమ్మకండి. ధర బాగా వస్తుందని ఉప్పుకాగితం పట్టి కొత్త వార్నిష్ కొట్టించేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది. వందేళ్ల పైపొర అరగంటలో పోతుంది, దాంతో కొనేవాడి నమ్మకమూ పోతుంది. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపితే చాలు. ఊడదీయక ముందే అది ఉన్న చోట ఫొటో తీయండి. ఏ ఇంటిదో చూపించే ఆధారం ధరను పెంచుతుంది.

వందేళ్లు దాటిన కళాఖండాలకు 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది, వాటిని సొంతంగా విదేశాలకు పంపడం నేరం. పలక అంత పాతది కాదనుకుంటే పంపే ముందు భారత పురావస్తు శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకోవచ్చు. ఎర్రచందనంపై అంతర్జాతీయ వ్యాపార నియంత్రణలు కూడా ఉన్నాయి కాబట్టి, అలాంటి పలక బేరానికి ముందు అటవీశాఖను అడగండి.