తిమింగల సొరల దగ్గరికి: ఈస్లా ముహేరెస్‌లో ఒక రాత్రి, ఒక ఉదయం



బడులకి వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే మన ఇళ్ళలో ఒకటే చర్చ, ఈసారి ఎక్కడికి వెళ్దామని. నయాగరా అయిపోయింది, ఆర్లాండో అయిపోయింది, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడల్లా పిట్స్‌బర్గ్ గుడి ఎలాగూ అవుతూనే ఉంటుంది. ఇవాళ నేను చెప్పబోయేది కొంచెం వేరే రకం ప్రయాణం. మెక్సికోలో కాన్‌కూన్ ఊరికి ఎదురుగా సముద్రంలో ఈస్లా ముహేరెస్ అని ఒక చిన్న దీవి ఉంది. స్పానిష్‌లో ఆ మాటకి ఆడవాళ్ళ దీవి అని అర్థం. ఒక రాత్రి అక్కడ నిద్రచేసి, తెల్లవారగానే పడవెక్కి నడిసముద్రంలోకి వెళ్ళి, వేల్ షార్కుల పక్కన ఈదడం. తెలుగులో తిమింగల సొర అనుకుందాం.

"షార్కులేమిటి, పిల్లని తీసుకుని వెళ్ళడమేమిటి?" అని మా అత్తగారు ఫోనులో అడిగారు. మీలో చాలామంది మనసులో కూడా ఆ మాటే ఉండి ఉంటుంది కాబట్టి ముందు ఆ సంగతి చూద్దాం.

పేరులో తిమింగలం ఉన్నా ఇది తిమింగలం కాదు, చేపే. ప్రపంచంలోకెల్లా పెద్ద చేప. తిమింగలం తోకని పైకీ కిందకీ ఆడిస్తుంది, ఊపిరి కోసం పైకి వస్తుంది. ఇది తోకని అటూ ఇటూ ఆడిస్తుంది, మొప్పలతోనే గాలి పీలుస్తుంది. బాగా పెరిగితే పద్ధెనిమిది మీటర్ల దాకా ఉంటుందట గానీ, ఈస్లా ముహేరెస్ దగ్గర ఎక్కువగా కనిపించేవి ఆరు నుంచి ఎనిమిది మీటర్లవి. అంటే మన ఆర్టీసీ బస్సుకి కొంచెం తక్కువ. నోరు మీటరు పైన వెడల్పు. కానీ పళ్ళు అగ్గిపుల్ల తలంత కూడా ఉండవు, గొంతు సన్నం. నోరు తెరుచుకుని వెళ్తుంటే నీళ్ళతో పాటు లోపలికి వచ్చిన చేప గుడ్లనీ, కంటికి సరిగ్గా కనపడని చిన్న జీవాలనీ వడకట్టుకుని తింటుంది. మనిషిని మింగడం దాని వల్ల కాదు. జాగ్రత్త పడాల్సింది దాని తోక దగ్గర. అంత బరువున్న తోక తగిలితే దెబ్బే.

ఇదంతా చెప్తే మా అత్తగారు ఒప్పుకున్నారు. మా మామగారిది భీమిలి దగ్గర ఊరు, ఆయనకి సముద్రం కొత్త కాదు. "చేప సంగతి సరే అల్లుడుగారూ, మీకు ఈత వచ్చా?" అన్నారు. అసలు ప్రశ్న అదే. దానికి మళ్ళీ వస్తాను.

ఒక రాత్రి దీవిలో ఎందుకు ఉండాలి? కాన్‌కూన్ హోటల్లో దిగి పొద్దున్నే వెళ్ళవచ్చు కదా అని చాలామంది అనుకుంటారు. వెళ్ళవచ్చు, పడవలు అక్కడి నుంచీ ఉన్నాయి. అయితే ఆ సొరలు అక్కడికి ఎందుకు వస్తాయో తెలిస్తే ఈ ఏర్పాటు అర్థమవుతుంది. వేసవిలో ట్యూనా జాతికి చెందిన ఒక చిన్న చేప అక్కడ గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు తేలి నీటి పైభాగానికి వస్తాయి. పొద్దుటి పూట సొరలు వాటిని తింటూ పైపైనే తిరుగుతాయి. ఎండెక్కి మధ్యాహ్నమయ్యేసరికి అవి చెదిరిపోతాయి, గాలి లేచి సముద్రం కూడా కుదురుగా ఉండదు. పడవలో వెళ్ళడానికే గంట నుంచి గంటన్నర పడుతుంది. కాబట్టి ముందురోజు సాయంత్రం దీవికి చేరి, త్వరగా తిని పడుకుని, ఏడింటికల్లా రేవులో ఉంటే పిల్లలు నిద్రమొహాలతో ఏడవకుండా ఉంటారు. కాన్‌కూన్ పక్కన ప్వెర్తో హ్వారెస్ రేవు నుంచి దీవికి ఫెర్రీలో ఇరవై నిమిషాలు. దీవి పొడవు ఏడు కిలోమీటర్లే. అక్కడ కారు అక్కర్లేదు, అందరూ గోల్ఫ్ కార్టులు అద్దెకి తీసుకుని తిరుగుతారు. వీలైతే రెండు రాత్రులు ఉండండి. గాలి ఎక్కువుంటే ఆరోజు పడవలు వెళ్ళనివ్వరు, అప్పుడు మర్నాడు చేతిలో ఉంటుంది.

ఈ సీజను మే నెల మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా. జూలై, ఆగస్టు నెలలు బాగుంటాయి. తుఫానుల కాలం కూడా అదే కాబట్టి డబ్బు తిరిగిచ్చే షరతులు చూసుకుని మరీ బుక్ చేయండి.

వీసా గురించి ఒక మాట. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి పాస్‌పోర్టులో గడువు తీరని అమెరికా వీసా ఉంటే, లేదా గ్రీన్ కార్డు ఉంటే, మెక్సికోకి విడిగా వీసా అక్కర్లేదు. చిక్కల్లా హెచ్-1బి మీద ఉండి, స్టాంపింగు గడువు అయిపోయి, చేతిలో ఐ-797 కాగితం మాత్రం ఉన్నవాళ్ళకి. మెక్సికోకి వెళ్ళి ముప్ఫై రోజుల లోపు తిరిగి వస్తే పాత స్టాంపుతో అమెరికాలోకి రానిచ్చే నియమం ఒకటి ఉంది. అది విని చాలామంది టికెట్లు కొనేస్తారు. కానీ అది అమెరికాలోకి తిరిగి రావడానికి సంబంధించిన నియమం. మెక్సికోలో అడుగు పెట్టడానికి వాళ్ళకి కావాల్సింది గడువున్న వీసా. అది లేకపోతే మెక్సికో వీసా తీసుకోవాల్సిందే. టికెట్టు కొనేముందు మీ అటార్నీకి ఒక ఫోను చేయండి. చేపని చూడటానికి వెళ్ళి ఉద్యోగం మీదకి తెచ్చుకోకూడదు.

ఇప్పుడు మా మామగారి ప్రశ్న. మనలో చాలామందికి ఈత రాదు. చెరువు పక్కనే పుట్టినా "నీళ్ళ దగ్గరికి వెళ్ళకు" అనే మాటతోనే పెరిగాం. ఇక్కడ అపార్టుమెంటు పూలులో పిల్లలు ఈదుతుంటే గట్టు మీద కూర్చుని లాప్‌టాప్ చూసుకునే నాన్నల్లో నేనూ ఒకణ్ణి. ఈ ప్రయాణానికి గజ ఈతగాళ్ళు కానక్కర్లేదు. లైఫ్ జాకెట్టో, తేలేలా చేసే వెట్‌సూటో అక్కడ తప్పనిసరి, కాబట్టి మునగరు. కానీ నీళ్ళలో ముఖం పెట్టి, నోట్లో గొట్టంతో, భయపడకుండా ఊపిరి తీసుకోవడం మాత్రం రావాలి. అది నడిసముద్రంలో, కింద అడుగు కనిపించని నీలంలో నేర్చుకునే విషయం కాదు. మేము ఆరు వారాల పాటు ప్రతి శని, ఆదివారాలు పూలులో అదే సాధన చేశాం. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు, దానికి రెండు రోజుల్లో వచ్చేసింది. మా ఆవిడకి నాలుగో వారానికి ధైర్యం కుదిరింది. మాస్కులో నీళ్ళు చేరితే తల పైకెత్తి, కింది అంచు కొంచెం వదులు చేసి కారనివ్వడం కనీసం పదిసార్లు చేసి చూడండి.

మీసం ఉన్న మగవాళ్ళకి మాస్కు సరిగ్గా అతుక్కోదు, పైపెదవి దగ్గర నీరు కారుతుంది. అక్కడ కాస్త వాజలీను రాసుకుంటే కొంత నయం. నాలాగా కళ్ళజోడు వాళ్ళు పవర్ ఉన్న మాస్కు ముందే కొనుక్కోండి, లేకపోతే ఇంతదూరం వెళ్ళి మసకగా ఒక పెద్ద మచ్చని చూసి వస్తారు. ఆడవాళ్ళకి స్విమ్ సూటు ఇబ్బందిగా ఉంటే నిండు చేతుల రాష్ గార్డు, లెగ్గింగ్సు చక్కగా సరిపోతాయి, ఎండకీ మంచిది. చుడీదార్ మాత్రం వద్దు, నూలు బట్ట తడిస్తే బరువెక్కి కాళ్ళకి చుట్టుకుంటుంది. సన్‌స్క్రీన్ రాసుకోనివ్వరు, ఆ నూనెలు నీళ్ళలో కలుస్తాయని.

గుండె జబ్బు ఉన్నవాళ్ళు, బీపీ అదుపులో లేనివాళ్ళు డాక్టరుని అడగకుండా దిగకండి. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళని పడవ ఎక్కించకుండా దీవిలోనే ఉంచడం మంచిదని నా అభిప్రాయం. ఉత్తరపు కొసన ప్లాయా నోర్తె అనే బీచి ఉంది, చాలా దూరం దాకా నడుము లోతు దాటదు, అలలు తక్కువ. వాళ్ళకి అది చాలు.

అక్కడి నియమం ప్రకారం ఒక్కో పడవ నుంచి ఒకసారి ఇద్దరే, వాళ్ళతో ఒక గైడు, నీళ్ళలోకి దిగాలి. పడవలో పదిమంది ఉంటే మిగతా ఎనిమిది మంది ఊగే పడవలో తమ వంతు కోసం కూర్చోవాలి. వాంతులయ్యేది అప్పుడే. ఇంజను నడుస్తున్నప్పుడు బాగానే ఉంటుంది, ఆగాక మొదలవుతుంది. బోనిన్, డ్రమమీన్ లాంటి మందు పడవెక్కడానికి గంట ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు. పిల్లల మోతాదు వాళ్ళ డాక్టరుని అడగండి. పొద్దున్నే ఖాళీ కడుపూ వద్దు, పెసరట్టు ఉప్మా అంత బరువూ వద్దు. చూపు దూరంగా ఆకాశం అంచు మీద ఉంచితే మంచిది. కెమెరా స్క్రీనులోకి చూస్తూ కూర్చున్నవాళ్ళే ముందు పడిపోయారు.

మా వంతు వచ్చినప్పుడు గైడు "ఇప్పుడు" అనగానే అంచు మీద నుంచి జారాం. నేనూ మా అమ్మాయీ ఒక జత. మొదట ఏమీ కనిపించలేదు, నీలం తప్ప. తర్వాత ఎదురుగా నీడ లాంటిది వచ్చి, నోరు అయి, ఒక పక్కకి తిరిగి మా ముందు నుంచి వెళ్ళడం మొదలుపెట్టింది. వెళ్తూనే ఉంది. తల అయ్యాక మొప్పలు, మొప్పలయ్యాక ఆ చుక్కల ఒళ్ళు, ఎప్పటికో తోక. అది నిదానంగా పోతున్నట్టే ఉంటుంది గానీ మనం ఫిన్స్ వేసుకుని ఎంత తన్నినా నిమిషంలో వెనకబడిపోతాం. ఒక్కొక్కరికి రెండు మూడు వంతులు వస్తాయి, ఒక్కో వంతు కొద్ది నిమిషాలే. ఖర్చు మనిషికి వంద డాలర్లు దాటుతుంది. నిమిషానికి ఎంత పడిందని లెక్క వేయకండి, నేను వేశాను, చెప్పను.

ముట్టుకోకూడదు, దాని దారికి అడ్డం వెళ్ళకూడదు, ఫ్లాష్ వాడకూడదు. ఒకే సొర చుట్టూ అయిదారు పడవలు మూగితే అది కిందకి దిగిపోతుంది, అప్పుడు ఎవరికీ ఏమీ ఉండదు. అందుకని బుక్ చేసేటప్పుడు చౌక చూడకుండా, పడవలో ఎంతమంది ఉంటారు, నీళ్ళలో ఒకసారి ఎందరిని దింపుతారు అని అడగండి. "మీ ఇష్టం, ఎందరైనా దిగొచ్చు" అన్నవాళ్ళని వదిలేయండి. ఫిలిప్పీన్స్‌లో ఓస్లోబ్ అనే చోట 2011 ప్రాంతం నుంచి జాలర్లు రోజూ రొయ్యపొట్టు లాంటి మేత వేసి వీటిని ఒడ్డు దగ్గరే నిలుపుతున్నారు. సింగపూర్, మలేషియా నుంచి వెళ్ళేవాళ్ళకి అది సులభం, కనపడతాయన్న నమ్మకమూ ఉంది. కానీ మేతకి అలవాటు పడ్డ చేప పడవ చప్పుడికి పారిపోవడం మానేసి పడవ దగ్గరికే వస్తుంది. అక్కడి సొరల ఒంటి మీద పడవ దెబ్బల మచ్చలు పరిశోధకులు చూపించారు. అదే దేశంలో డోన్సోల్ అనే ఊళ్ళో మేత వేయకుండా 1998 నుంచి చూపిస్తున్నారు. నేనైతే కనపడకపోయినా డోన్సోల్‌కే వెళ్తాను.

ఇక నా వృత్తికి దగ్గరి విషయం. ఈ సొరల వీపు మీది తెల్ల చుక్కల అమరిక మన వేలిముద్ర లాంటిది, ఒకదానికి ఉన్నట్టు ఇంకోదానికి ఉండదు. ఫొటో చూసి ఇది ఫలానా సొర అని కంప్యూటరు చెప్పడం ఎలా? 1986లో ఎడ్వర్డ్ గ్రోత్ అనే శాస్త్రవేత్త, నక్షత్రాల జాబితాలు రెండింటిని సరిపోల్చడానికి ఒక పద్ధతి ప్రచురించారు. ఏ మూడు చుక్కలు తీసుకున్నా ఒక త్రికోణం అవుతుంది. ఫొటో దగ్గర నుంచి తీసినా, దూరం నుంచి తీసినా, కెమెరా తిరిగి ఉన్నా, ఆ త్రికోణం భుజాల నిష్పత్తి మారదు. సప్తర్షి మండలం ఆకాశంలో ఏ మూలకి తిరిగినా మనం గుర్తుపట్టడం లేదూ, అలాగే. రెండు ఫొటోల్లోని త్రికోణాలన్నీ పోల్చి, ఎక్కువ త్రికోణాలు ఏ చుక్కకి ఏ చుక్క జత అని ఓటు వేస్తాయో చూస్తే సరి. ప్రోగ్రామర్ జేసన్ హోంబర్గ్, ఖగోళ శాస్త్రవేత్త జావెన్ ఆర్జుమానియన్, సముద్ర జీవశాస్త్రవేత్త బ్రాడ్ నార్మన్ కలిసి దీన్ని సొర చుక్కలకి వాడి 2005లో ప్రచురించారు. ఇప్పుడు షార్క్‌బుక్ అనే పేరుతో ఉన్న ఆ డేటాబేసుకి మనలాంటి యాత్రికులు కూడా ఫొటోలు పంపవచ్చు. మొప్పల వెనక భాగం, ఎడమవైపుది కావాలి. ఏ తేదీ, ఏ చోటు అన్నది రాయాలి.

ఇలాంటి గుర్తింపుల వల్లా, ట్యాగుల వల్లా తెలిసిన విషయాలు చిన్నవి కావు. 2007లో ఈ ప్రాంతంలో ట్యాగు కట్టిన రియో లేడీ అనే ఆడ సొర నూట యాభై రోజుల్లో 7,200 కిలోమీటర్ల పైచిలుకు వెళ్ళి, భూమధ్యరేఖ దాటి, బ్రెజిల్‌కీ ఆఫ్రికాకీ మధ్య తేలింది. 2009లో ఈ తీరం దగ్గర విమానంలోంచి లెక్క పెడితే ఒకేచోట 420 సొరలు కనిపించాయి. ఆ ఏడే మెక్సికో ప్రభుత్వం వీటి కోసం ఒక రక్షిత ప్రాంతాన్ని ప్రకటించింది. కానీ ఈ గుంపు చేరే చోటు ఆ గీతకి బయట పడింది. ఓడలు, పడవలు తిరిగే నీళ్ళు అవి.

మన దేశంలో 2001లో వీటి వేటని చట్టం నిషేధించింది. అంతకుముందు గుజరాత్ తీరంలో కాలేయం నూనె కోసం చంపేవారు, ఆ నూనె పడవల చెక్కకి పూసేవారు. మన తీరానికీ ఇవి వస్తాయి. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి ఒడ్డుకి వలలో చిక్కి వచ్చిన ఒక సొరని మత్స్యకారులూ అటవీశాఖ వాళ్ళూ కలిసి మళ్ళీ సముద్రంలోకి సాగనంపారు. మా మామగారికి ఫొటోలు చూపిస్తే కాసేపు చూసి, "చిన్నప్పుడు వలలో పడితే వల పోయిందని ఏడ్చేవాళ్ళం బాబూ, పక్కన ఈదాలని ఎవరికీ తోచలేదు" అన్నారు.

శాకాహారులకి చివరగా ఒక సూచన. తిరుగు దారిలో పడవ ప్లాయా నోర్తె దగ్గర ఆపి సెవీచె పెడతారు, అంటే నిమ్మరసంలో నానబెట్టిన పచ్చి చేప. దీవిలో బీన్సు కూడా పంది కొవ్వుతో వండే అలవాటుంది, "సిన్ కార్నె, సిన్ మాంతెకా" అని అడగండి. మేము మాత్రం పులిహోర కట్టుకుని వెళ్ళాం. గైడుకి పెడితే మిరపకాయ సంగతి చెప్పేలోపే కొరికేశాడు, బాగుందన్నాడు.

మా అమ్మాయి తీసిన ముప్ఫై ఫొటోల్లో ఇరవై ఎనిమిది నీళ్ళే. మిగిలిన రెంటిలో ఒకటి ఎడమవైపుది. దాన్ని తేదీ వేసి పంపించాం, జవాబు కోసం రోజూ అడుగుతోంది. సెలవు.