వలయంలో సగం దారి

షికాగో నగరానికి నైరుతి దిశలో, డేరియన్ అనే శివారు పట్టణం చెంత ‘వాటర్‌ఫాల్ గ్లెన్’ అనే రక్షిత అటవీ ప్రాంతముంది. జలపాతం వల్ల వచ్చిన పేరనుకుంటాం గాని, అది డ్యూపేజ్ కౌంటీ అటవీ సంరక్షణ మండలికి తొలినాళ్ళలో అధ్యక్షత వహించిన సేమూర్ వాటర్‌ఫాల్ గారి ఇంటిపేరు. అక్కడి చిన్న జలపాతం 1930లలో మనుషులు కట్టినదే. అడవి నడుమ, కంచె లోపల, ఆర్గాన్ జాతీయ పరిశోధనాలయముంది. దాని చుట్టూ ఉన్న రెండు వేలకు పైగా ఎకరాలను అమెరికా కేంద్ర ప్రభుత్వం 1973లో మండలికి అప్పగించింది. ఆ నేల నేడు అందరిదీ.

పరిశోధనాలయాన్ని చుట్టివచ్చే కంకర దారి పొడవు సుమారు 15 కిలోమీటర్లు. ఒక శరదృతువు ఉదయం అక్కడ జరిగిన పరుగు పోటీలో మేము దంపతులం, పదహారేళ్ళ మా అబ్బాయితో కలిసి పాల్గొన్నాం. మూడు నెలలపాటు ఫజ్ర్ నమాజు తరువాత ముగ్గురం సాధన చేశాం. గంటా పావులో ముగించాలన్నది వాడి పట్టుదల.

తొలి మైళ్ళలో ఉత్సాహం మమ్మల్ని మోసగించింది. ఓక్ చెట్ల నీడన వాడితో సమంగా పరుగెత్తాం. తరువాత ఎత్తుపల్లాలు మొదలయ్యాయి. సగం దూరం చేరేసరికి ఇద్దరికీ పిక్కలు పట్టేశాయి. దారి పక్కనే కూలబడ్డాం. ముందుకు సాగిన అబ్బాయి మలుపు దగ్గర తిరిగి చూసి, వెనక్కి వచ్చాడు.

“నువ్వు వెళ్ళు బేటా, మేము వెనుదిరిగి పోతాం” అన్నాం.

“వెనక్కి వెళ్ళినా ముందుకు వెళ్ళినా ఇక్కడినుంచి దూరం ఒక్కటే, అమ్మీ! అడ్డంగా పోదామంటే కంచె ఉంది” అని వాడు చేయి అందించాడు.

మా వద్ద బదులు లేకపోయింది. కొంత నడిచి, కొంత పరుగెత్తి, రెండున్నర గంటలకు గమ్యం చేరాం. వాడు చివరిదాకా మమ్మల్ని విడువలేదు, ఒక్క మాటా అనలేదు.

మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత వేగమే తొలి మైళ్ళకు తగినదని మాకు ముందే తెలుసు. తెలిసీ పాటించలేదు. ఆ తప్పుకు మూల్యం మాత్రం వాడు చెల్లించాడు. వచ్చే యేడు వాడిని ముందు సాగనిచ్చి, మేము మా అడుగులకు తగినట్లు బయలుదేరాలని నిశ్చయించుకున్నాం.