ఎం.బి.ఎ. ప్రవేశాలు: ఐసెట్ ర్యాంకు ఒక్కటే చాలదు

హైదరాబాద్: తెలంగాణలో ఎం.బి.ఎ., ఎం.సి.ఎ. కోర్సులలో ప్రవేశానికి ఉన్నత విద్యామండలి పక్షాన ఒక విశ్వవిద్యాలయం ఏటా ఐసెట్ పరీక్షను నిర్వహిస్తుంది. 150 నిమిషాలలో 200 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి. విశ్లేషణ, గణిత సామర్థ్యాలకు 75 చొప్పున, భావ వ్యక్తీకరణకు 50 మార్కులు ఉంటాయి. తప్పు జవాబులకు మార్కుల కోత లేదు.

ర్యాంకు పొందుటకు 25 శాతం, అనగా 50 మార్కులు అవసరం. ఎస్.సి., ఎస్.టి. అభ్యర్థులకు ఈ కనీస మార్కుల నిబంధన వర్తించదు.

అయితే ర్యాంకుతోనే సీటు ఖాయం కాదు. డిగ్రీలో 50 శాతం, రిజర్వుడు వర్గాల వారికి 45 శాతం మార్కులు ఉండాలి. చివరి సంవత్సరం విద్యార్థులు పరీక్ష రాయవచ్చు గాని, ప్రవేశం నాటికి ఉత్తీర్ణులై ఉండాలి.

ధ్రువపత్రాల పరిశీలన అనంతరం అభ్యర్థులు కళాశాలలను ప్రాధాన్య క్రమంలో ఎంచుకుని వెబ్ ఆప్షన్లు నమోదు చేయాలి. ర్యాంకు, రిజర్వేషన్, ఆప్షన్ల క్రమం ఆధారంగా సీట్ల కేటాయింపు జరుగుతుంది. కొద్ది ఆప్షన్లతో సరిపెట్టుకున్నవారికి మంచి ర్యాంకు ఉన్నా సీటు దక్కకపోవచ్చు. గడువులోగా రుసుము చెల్లించి రిపోర్టు చేయనిచో కేటాయింపు రద్దవుతుంది.

బోధనా రుసుము రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటాలో చేరిన అర్హులకే లభిస్తుంది. యాజమాన్య కోటాలో, స్పాట్ అడ్మిషన్లలో చేరినవారికి ఈ సదుపాయం లేదు. పేద కుటుంబాల విద్యార్థులు చేరుటకు ముందే ఈ తేడాను గమనించుట అవసరం.